రక్తపరీక్షతో అండాశయ క్యాన్సర్ ముందే దొరుకుతుందా?

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. ఏ ఇబ్బందీ లేదు. హెల్త్ ప్యాకేజీలో ఈ క్యాన్సర్ కోసం చేసే సీఏ-125 రక్తపరీక్ష కూడా ఉంది. ఆడవాళ్లందరూ ఏటా చేయించుకుంటే మంచిదే కదా?

జవాబు: బ్రిటన్ వైద్యులకూ ఇదే ఆశ ఉండేది. 2001-2005 మధ్య 50-74 ఏళ్ల మహిళలను 2 లక్షల మందికి పైగా ఒక అధ్యయనంలో చేర్చారు. కొందరికి ఏటా సీఏ-125, కొందరికి స్కాన్ చేశారు. సగం మందికి ఏ పరీక్షా లేదు. 2021లో తుది లెక్క తేలింది. రక్తపరీక్ష చేసినవారిలో తొలిదశ క్యాన్సర్లు ఎక్కువే బయటపడ్డాయి. మరణాలు మాత్రం తగ్గలేదు!

అమెరికా అనుభవం ఇంకా చేదు. 78 వేల మందితో సాగిన అధ్యయనంలో, పరీక్షలు చేసినవారిలో 3,285 మందికి లేని క్యాన్సర్ ఉందేమోనన్న అనుమానం అంటుకుంది. వారిలో 1,080 మంది ఆపరేషన్ దాకా వెళ్లారు. 163 మందికి తీవ్రమైన ఇబ్బందులు వచ్చాయి.

నెలసరి, ఎండోమెట్రియోసిస్, ఫైబ్రాయిడ్లు, ఆఖరికి పొట్టలో టీబీ ఉన్నా సీఏ-125 పెరుగుతుంది. ల్యాబ్ రిపోర్టులో మామూలు హద్దు 35 దాటిన అంకె నల్లగా, లావుగా అచ్చయి కనిపిస్తే ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు. ప్యాకేజీ అమ్మేవాళ్లు ఈ సంగతి చెప్పరు.

తల్లికో అక్కచెల్లెళ్లకో అండాశయ, రొమ్ము క్యాన్సర్లు వచ్చి ఉంటే దారి వేరు. వారు వంశపారంపర్య ముప్పును తెలిపే బీఆర్‌సీఏ జన్యుపరీక్ష గురించి డాక్టరుతో మాట్లాడాలి.

వారాల తరబడి కడుపుబ్బరం, నాలుగు ముద్దలకే పొట్ట నిండటం, పొత్తికడుపు నొప్పి, మాటిమాటికీ మూత్రం ఉంటే గ్యాస్ మాత్రలతో నెట్టుకురాకుండా గైనకాలజిస్టును కలవాలి. అప్పుడు ఇదే సీఏ-125 అక్కరకొస్తుంది.