అడవికి మన టైం టేబుల్ పట్టదు

అశోక్‌నగర్ స్టడీ హాళ్లలో గంటలే లెక్క. పాలిటీకి రెండు, ఎకానమీకి రెండు, మధ్యలో చాయ్‌కి పది నిమిషాలు. చిక్కడపల్లి లైబ్రరీలో సీటు కోసం పొద్దున్నే చేరేవాళ్లదీ, నారాయణగూడ సిగ్నల్ దగ్గర వాచీ చూసుకునే ఉద్యోగులదీ ఇదే తీరు. పట్టుదల మంచిదే. కానీ అన్నీ అనుకున్నట్టే జరగాలని పట్టుబడితే, ఒక్క పరీక్ష వాయిదా పడినా మనిషి డీలా పడిపోతాడు. మన చేతిలో లేనిదాన్ని వదిలేసి, ఉన్నదాన్ని గట్టిగా పట్టుకోవడం నేర్పే బడి ఒకటుంది. ఏడాదికోసారి నల్లమల అడవికి వెళ్లిరండి.

ఆగడం నేర్చుకోండి

ఎంజీబీఎస్‌లో శ్రీశైలం బస్సెక్కితే, మన్ననూరు దాటాక రోడ్డుకు రెండువైపులా నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యమే. విస్తీర్ణం 2,600 చదరపు కిలోమీటర్ల పైమాటే. జంతువులు రోడ్డు దాటే వేళని, రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా ఈ దారి మూసేస్తారు. ఎంత తొందర పనున్నా గేటు దగ్గర ఆగాల్సిందే. చిరాకు పడినా, పడకపోయినా తెల్లారేది ఒకే సమయానికి. ఈ సంగతి తలకెక్కినవాడు ఫలితాల కోసం ఎదురుచూసే రోజుల్లోనూ హాయిగా నిద్రపోతాడు.

పులి కోసమే వెళ్లకండి

అక్కడి ఫర్హాబాద్ సఫారీ జీపు దిగుతూ ‘పులి కనబడలేదు, డబ్బులు దండగ’ అనేవాళ్లుంటారు. అదే జీపులో గైడ్ చూపు మాత్రం నేలమీద ఉంటుంది. తడిమట్టిలో పంజా గుర్తు, చెట్టు బెరడు మీద గోళ్ల గీతలు అతని కంటపడతాయి. కొండముచ్చు ఉన్నట్టుండి గరగరమని అరిచి, దుప్పులన్నీ మేత ఆపి ఒకేవైపు చెవులు నిక్కిస్తే, పులో చిరుతో కదిలిందని పసిగడతాడు. ర్యాంకు ఒక్కటే చూసేవాళ్లకు దారిలో నేర్చుకున్నది లెక్కలోకి రాదు. ఉద్యోగం ఏదైనా, తర్వాత అన్నం పెట్టేది ఆ నేర్పే.

ఇంటివాళ్లను చూడండి

అడవిలో మనిషి వచ్చిపోయే అతిథి మాత్రమేనంటుంది అమెరికా 1964లో చేసిన అరణ్య చట్టం. నల్లమలకు ఆ మాట సగమే వర్తిస్తుంది. మనం అతిథులమే, చెంచులు మాత్రం ఇంటివాళ్లు. వాళ్లు కొండకొమ్ము నుంచి తాడు మీద వేలాడుతూ తేనెపట్టు కోస్తారు. పైన తాడు పట్టినవాడి మీద నమ్మకం లేనిదే కాలు కదలదు. మరి మీ తాడు పట్టేదెవరు? కష్టంలో ఫోన్ చేయగలిగిన ఇద్దరి పేర్లు ఇవాళే రాసుకోండి. ఇంకో మాట, చెంచులకు తిండికీ, గూడుకీ ఆధారమైన చోటు ఆ అడవి. చిప్స్ ప్యాకెట్లు పారేయడానికీ, స్పీకర్ పెట్టి చిందులేయడానికీ కాదు.

ఈ ఆదివారమే మొదలుపెట్టండి

నల్లమలకు సెలవు దొరక్కపోతే పక్కనే ఇందిరా పార్క్ ఉంది. తెల్లవారగానే వెళ్లి, ఫోన్ ఆపేసి, ఒకే చెట్టు కింద అరగంట కూర్చోండి. ఎన్ని రకాల పక్షుల కూతలు విన్నారో ఇంటికొచ్చాక రాయండి. మొదట చెయ్యి జేబు తడుముతూనే ఉంటుంది, పట్టించుకోకండి. ఇక్కడ అరగంట ఆగలేనివాళ్లకు నల్లమల వెళ్లినా కనిపించేది తారురోడ్డే.