పట్టికలో కనిపించని గుర్తులు



మనలో చాలామంది తమ ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్ళు. స్కాలర్‌షిప్ జాబితా గానీ, ప్రాజెక్టు రిపోర్టు గానీ టైపు చేసేటప్పుడు పక్కన కూర్చుని చెప్పేవారు ఉండరు. అందుకే ఎం.ఎస్. వర్డ్‌లో పట్టికల గురించి నాలుగు మాటలు రాస్తున్నాను.

పట్టికలోని ఒక్కో గడిని 'సెల్' అంటారు. హోమ్ ట్యాబ్‌లో ¶ బటన్ నొక్కితే (లేదా కంట్రోల్, షిఫ్ట్, 8 కలిపి నొక్కితే) దాగి ఉన్న గుర్తులు బయటపడతాయి. ఇవి ప్రింటులో రావు.

చుక్క: స్పేస్ కొట్టిన చోటు.
బాణం: ట్యాబ్ కొట్టిన చోటు.
¶ : ఎంటర్ కొట్టిన చోటు.
¤ : గడి అక్కడితో ముగిసింది. కుడివైపు గీత బయట ఉన్న ¤ వరుస ముగిసిందని చెబుతుంది.

వీటితో మనకేం పని? ఒక ఉదాహరణ చూద్దాం. ఇరవై మంది పేర్లు, బ్యాంకు ఖాతా నంబర్లు టైపు చేయాలి. కొందరు రెండే గడులు గీసి, ఒకదానిలో పేర్లన్నీ, రెండోదానిలో నంబర్లన్నీ ఎంటర్ కొడుతూ దింపేస్తారు. చూడటానికి బాగానే ఉంటుంది. అదే ఫైలును ఆ ఫాంటు లేని మరో కంప్యూటర్‌లో తెరిస్తే, ఒక పొడుగు పేరు రెండు లైన్లకు విరుగుతుంది. అక్కడి నుంచి పేర్లన్నీ ఒక మెట్టు కిందికి జరుగుతాయి. నంబర్లు మాత్రం కదలవు. ఒకరి పేరు ఎదుట ఇంకొకరి ఖాతా నిలుస్తుంది. డబ్బు ఎవరికి చేరుతుందో ఆలోచించండి!

ఒక్కో విద్యార్థికి ఒక్కో వరుస ఇస్తే ఈ చిక్కు రాదు. పేరు రెండు లైన్లయినా ఆ వరుస మొత్తం పెరుగుతుంది, నంబరు దాని పక్కనే ఉంటుంది. మన బేతంచెర్ల బండల పరుపు లాంటిదే ఇది. దేని హద్దు దానికి ఉండాలి.

గుర్తుంచుకోవలసినవి:

1. పక్క గడిలోకి వెళ్ళడానికి ట్యాబ్ నొక్కాలి. చివరి గడిలో ట్యాబ్ నొక్కితే కొత్త వరుస వస్తుంది.

2. గడి లోపలే ట్యాబ్ దూరం కావాలంటే కంట్రోల్, ట్యాబ్ కలిపి నొక్కాలి.

3. పట్టిక మొత్తం సెలెక్ట్ చేసి డిలీట్ నొక్కితే అక్షరాలు మాత్రమే పోతాయి. బ్యాక్‌స్పేస్ నొక్కితే పట్టికే పోతుంది.

4. పట్టిక తర్వాత ఒక ¶ తప్పనిసరిగా ఉంటుంది. దానివల్ల చివర ఖాళీ పేజీ వస్తే, ఆ గుర్తును సెలెక్ట్ చేసి ఫాంటు సైజు 1 చేయండి.

జాబితా ఎవరికైనా ఇచ్చేముందు ¶ బటన్ ఒక్కసారి నొక్కి చూడండి. పేర్ల గడిలో వరుసగా ¶ గుర్తులు కనిపిస్తే, ఆ జాబితాను విడి వరుసల్లో మళ్ళీ టైపు చేయండి. పది నిమిషాల పనే అయినా, ఒక తమ్ముడి స్కాలర్‌షిప్ దారి తప్పకుండా ఉంటుంది.

– ఒక పూర్వ విద్యార్థి, పి.జి.