చెరువు కట్టలు – పరుగు బాటలు

వ్యాయామాలన్నింటిలోనూ పరుగు నిరుపేదకు సైతం అందుబాటులో ఉన్నది. దానికి పరికరాలు అక్కరలేదు, రుసుము చెల్లించనక్కరలేదు. అయితే ఒక్కటి మాత్రం తప్పనిసరి. అది పరుగెత్తడానికి తగిన నేల. పట్టణవాసికి ఉద్యానవనమో, క్రీడామైదానమో ఉంటుంది. మరి పల్లెటూరి విద్యార్థికి ఏమున్నది? తెలంగాణ పల్లెసీమను, అందులోనూ ముఖ్యంగా ఓరుగల్లు ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకొని ఈ ప్రశ్నకు సమాధానం వెదకుదాము.

ఈ ప్రశ్న కేవలం వినోదానికి సంబంధించినది కాదు. తెలంగాణలో 2022 నాటి పోలీసు కానిస్టేబుల్ నియామకాలలో పురుషులకు 1600 మీటర్లు, మహిళలకు 800 మీటర్ల పరుగు నిర్ణయించారు. ఇటువంటి పరీక్షల కోసం పల్లె యువకులు తెల్లవారకముందే లేచి, వేరే చోటు లేక, ప్రధాన రహదారుల మీద పరుగెత్తడం మనం చూస్తూనే ఉన్నాము. చీకటిలో లారీల వెలుగు వారి కన్నులలో పడుతుంది. వారి నీడ మాత్రం లారీ నడిపేవానికి ఆలస్యంగా కనబడుతుంది. ఉద్యోగం కోసం ప్రాణాన్ని పణంగా పెట్టవలసి రావడం న్యాయం కాదు. విచిత్రమేమంటే, అదే ఊరి చెరువు కట్ట తుమ్మకంప కప్పుకొని, అడుగు పెట్టే వారు లేక పడి ఉంటుంది.

1. చెరువు కట్ట

కాకతీయుల కాలంలో ఈ ప్రాంతంలో వెలసిన చెరువులలో పాకాల, రామప్ప, లక్నవరం ప్రసిద్ధమైనవి. పాకాల చెరువు నర్సంపేట సమీపంలోనూ, మిగిలిన రెండూ ములుగు ప్రాంతంలోనూ ఉన్నాయి. పాలంపేటలో రేచర్ల రుద్రుడు 1213లో నిర్మింపజేసిన రామప్ప దేవాలయం 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఆలయాన్ని చూడవచ్చిన వారిలో కొందరు దాని చెంతనే ఉన్న చెరువును చూడకుండానే తిరిగిపోతారు.

ఆ నిర్మాతలు గుట్టల నడుమ పారే వాగుకు అడ్డంగా కట్ట వేసి నీటిని నిలిపారు. అందువల్ల కట్ట మీద పరుగెత్తేవానికి ఒక ప్రక్క నీటి విస్తీర్ణం, మరొక ప్రక్క పల్లంలో వరిమడులు, ఎదుట గుట్టలు కనిపిస్తాయి. ఉదయవేళ కొంగలు, నీటికాకులు వేటకు బయలుదేరుతాయి. గీత కార్మికులు మోకు భుజాన వేసుకొని తాళ్ళకు పోతుంటారు. బతుకమ్మ పండుగ దినాలలో చెరువు గట్టున తంగేడు పువ్వుల పసుపుదనం మిగిలి ఉంటుంది. మెరకలు, పల్లాలు లేని చదునైన కట్ట మోకాళ్ళను అంతగా బాధించదు. మట్టి నేల పాదం తాకిడిని కొంత తనలో ఇముడ్చుకుంటుంది.

పాకాల చెరువు మాత్రం అభయారణ్యం నడుమ ఉన్నది. అక్కడ పరుగెత్తదలచినవారు అటవీశాఖ నియమాలను పాటించి, పూర్తిగా తెల్లవారిన తరువాత, కట్టను విడిచిపోకుండా సాగాలి.

2. బండ్లబాట, పల్లె వనం

ఊరి నుండి పొలాలకు పోయే బండ్లబాట రెండవ మార్గం. ఫాల్గుణ మాసంలో మోదుగులు పూచినప్పుడు దీని అందం చెప్పనలవి కాదు. కాని చక్రాల చాళ్ళలో మడమ మెలికపడే ప్రమాదం ఉన్నది కనుక చూపు నేల మీదనే ఉంచాలి. పొలం గట్లు పరుగుకు తగినవి కావు. అవి ఇరుకైనవి; పైగా గట్టు తెగితే నష్టపోయేది రైతు.

మూడవది పల్లె ప్రకృతి వనం. 2020లో తెలంగాణ గ్రామాలలో ఈ వనాలను ఏర్పాటు చేయనారంభించారు. వీటి విస్తీర్ణం స్వల్పం. చుట్టూ తిరిగే బాట కూడా చిన్నదే. కనుక దూరపు పరుగుకు ఇవి చాలవు. కాని మొదటిసారి పరుగు మొదలుపెట్టేవారికి, వృద్ధుల నడకకు, పరుగుకు ముందు కండరాలను సడలించుకోవడానికి ఇవి ఎంతో అనుకూలం.

3. దూరాన్ని కొలిచే విధం

కట్ట మీద 1600 మీటర్లను గుర్తించడానికి ఒక సైకిలు చాలు. టైరు మీద సుద్దతో ఒక గీత గీసి, చక్రాన్ని నేల మీద ఒక పూర్తి చుట్టు దొర్లించి, ఆ పొడవును టేపుతో కొలవాలి. అది 2 మీటర్ల 20 సెంటీమీటర్లు అయినట్లయితే, 727 చుట్లకు దాదాపు 1600 మీటర్లు పూర్తవుతుంది. కట్ట పొడవు చాలనప్పుడు 364 చుట్ల వద్ద, అంటే సుమారు 800 మీటర్ల వద్ద, ఒక రాతికి సున్నం పూసి, అక్కడి నుండి తిరిగి రావచ్చు.

మొదటి వారాలలో కొంత పరుగు, కొంత నడకగా సాగడం మేలు. తోటివానితో రెండు మాటలు పలుకగలిగినంత నెమ్మదిగా పరుగెత్తాలి. మాట రానంతగా ఆయాసం వస్తే వేగం తగ్గించాలి. ఎండాకాలంలో సూర్యుడు పైకి రాకముందే పరుగు ముగించడం ఉత్తమం.

4. జాగ్రత్తలు

కట్ట ప్రక్కన గడ్డిలోనూ, రాళ్ళ సందులలోనూ పాములు ఉంటాయి. కట్లపాము రాత్రివేళ సంచరిస్తుంది. రక్తపింజరి ఎండుటాకుల రంగులో కలిసిపోతుంది. కనుక వెలుగు వచ్చేవరకు ఆగాలి, పాదరక్షలు ధరించాలి. పాము కరిచినచో గాయాన్ని కోయరాదు, బిగించి కట్టరాదు. కరిచిన అవయవాన్ని కదలనీయక వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. వర్షాకాలంలో అలుగు పారుతున్నప్పుడు, నీరు పాదాల లోతే ఉన్నప్పటికీ, దాటరాదు. రహదారిని తప్పించుకోలేనివారు కుడి ప్రక్కన, ఎదురుగా వచ్చే వాహనాలు కనిపించేటట్లు, తెల్లని దుస్తులతో సాగాలి.

విద్యార్థినుల విషయం ప్రత్యేకంగా ఆలోచించదగినది. వరంగల్ జిల్లా కల్లెడ గ్రామంలో పుట్టిన జీవన్‌జి దీప్తి 2024లో పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్య పతకం సాధించింది. పల్లె బాలికలలో శక్తి కొరవడలేదు. కొరవడినది నిర్భయంగా పరుగెత్తగల చోటు. పొలం పనులకు పోయే స్త్రీలు ఉదయమే తిరిగే కట్ట, నిర్మానుష్యమైన రహదారి కంటె వారికి క్షేమకరం. కట్ట మీద కంప తొలగి చూపు దూరం వరకు పోగలిగితే తల్లిదండ్రుల సంకోచం కూడా కొంత తగ్గుతుందని మా విశ్వాసం.

5. కట్టకు మన ఋణం

చెరువు కట్ట ఆటస్థలంగా పుట్టినది కాదు. అది ఆయకట్టు రైతుల అన్నాన్ని కాపాడే గోడ. కడప జిల్లా పోరుమామిళ్ళలో విజయనగర రాకుమారుడు భాస్కరుడు నిర్మించిన చెరువు వద్ద 1369 నాటి శాసనం ఒకటి ఉన్నది. అందులో మంచి చెరువుకు కావలసిన 12 అంగాలు, చెరువుకు తగని 6 దోషాలు చెప్పబడినాయి. కట్ట నుండి నీరు ఊరడం ఆ దోషాలలో ఒకటి. అది మొదట చిన్న చెమ్మగా కనబడుతుంది. గమనించేవారు లేకపోతే గండిగా మారుతుంది.

పూర్వం కట్టను, తూమును నీరటివారు నిత్యం కనిపెట్టి ఉండేవారు. ఇప్పుడు ఆ వ్యవస్థ చాలా చోట్ల అంతరించింది. ప్రతిదినం కట్ట వెంట పోయే యువకునికి, కొత్త చెమ్మ ఎక్కడ పుట్టినదో, ఏ రాయి జారినదో అందరికంటె ముందు తెలుస్తుంది. ఆ సంగతిని నీటిపారుదల శాఖవారికో, పంచాయతీకో తెలియజేస్తే చాలు. పరుగు బాట ఇచ్చిన చెరువుకు అది ఉచితమైన ప్రత్యుపకారం.

2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ ద్వారా అనేక చెరువులలో పూడిక తీశారు, కట్టలను బలపరిచారు. కాని ఏటేటా మొలిచే సర్కారు తుమ్మను ఏటేటా తొలగించేవారు ఉండాలి. మన కళాశాలలలోని జాతీయ సేవా పథకం విద్యార్థులు, అధికారుల అనుమతి పొంది, ఒక్కొక్క కట్టను దత్తత తీసుకొనవచ్చును. కట్టను త్రవ్వరాదు, వేళ్ళను పెకలించరాదు. కొమ్మలను నరికి బాట తెరిస్తే చాలు. రానున్న వేసవి సెలవులకు ముందే ప్రతి విద్యార్థి తన ఊరి కట్టను ఒకసారి చూసి, దాని పొడవు కొలిచి, బాట ఎక్కడ మూసుకుపోయినదో వ్రాసి తెచ్చినట్లయితే పని ప్రారంభమైనట్లే.