ప్రాసెసరు పేరులోని అంకెలు

2023వ సంవత్సరమున వానకాలములో మా వీధి తాపీమేస్త్రి యొకడు తన కుమార్తెను వెంటబెట్టుకొని మా యింటికి వచ్చెను. ఆ బాలిక ఇంటర్మీడియటులో చేరినది. ఆమె చదువునకు స్మార్టుఫోను కొనవలెనని అతడు కూలి డబ్బులలోనుండి 22,000 రూపాయలు కూడబెట్టెను. దుకాణములో వారికి రెండు ఫోనులు చూపిరి. ఒకదానిలోని ప్రాసెసరు పేరు డైమెన్సిటీ 1080. రెండవదానిలోనిది డైమెన్సిటీ 7050.

“మాస్టారూ, రెండవది 2,000 రూపాయలు ఎక్కువ. వేయి ఎక్కడ, ఏడువేలు ఎక్కడ, అప్పు చేసియైనను దానినే కొనుమని దుకాణములోని కుర్రవాడు చెప్పినాడు. ఏమి చేయుమందురు?” అని మేస్త్రి నన్నడిగెను.

విద్యార్థులారా! ప్రాసెసరనగా ఫోనులో లెక్కలు చేయు చిన్న సిలికాను పలక. మనము తెరపై వ్రేలుంచినది మొదలు కోరిన పుట కనబడువరకు జరుగు పనిలో అధికభాగము దానిదే. అయితే దాని పేరులోని అంకె తూకము వంటిది కాదు. అది చేసినవారు పెట్టుకొన్న గుర్తు. పట్టణములో 216వ నంబరు బస్సు 8వ నంబరు బస్సుకంటె వేగముగా పోవునని ఎవరైనను తలతురా?

తైవానుకు చెందిన మీడియాటెక్ సంస్థ 2022లో 1080ని వెలువరించినది. దానినే 2023లో 7050 అను క్రొత్త పేరుతో పంపినది. రెండింటను 2.6 గిగాహెర్ట్జు వేగముగల పెద్ద కోరులు రెండు, 2 గిగాహెర్ట్జు వేగముగల చిన్న కోరులు ఆరు కలవు. బియ్యము అవియే, సంచి మాత్రము మారినది.

అమెరికాలోని క్వాల్‌కామ్ వారి పద్ధతి వేరు. పూర్వము వారి స్నాప్‌డ్రాగన్ ప్రాసెసర్లకు 625, 888 వంటి మూడంకెల పేర్లుండెడివి. 2021 చివర 8 జెన్ 1తో పద్ధతి మార్చిరి. ఇందు మొదటి అంకె తరగతిని, జెన్ తరువాతి అంకె తరమును తెలుపును. అందుచే 2023లో వచ్చిన 4 జెన్ 2, తరమున క్రొత్తదే యైనను, 8 జెన్ 1కంటె శక్తిలో చాల తక్కువది. ఇంతటితో చిక్కు తీరలేదు. అదే యేట 7 ప్లస్ జెన్ 2, 7ఎస్ జెన్ 2 అని రెండు వచ్చినవి. మొదటిది మిక్కిలి బలమైనది. రెండవది 6 జెన్ 1ను కొలదిగా మాత్రమే మించును. కొనువానికి తెలియుటకు పెట్టిన పేర్లో, తెలియకుండుటకు పెట్టిన పేర్లో నాకు బోధపడదు!

ప్రాసెసరు రెండింటను ఒకటే యని చెప్పగానే మేస్త్రి, “అయినచో చవుకదే తీసికొందుము” అని లేచెను. బాలిక మాత్రము కదలలేదు.

“మాస్టారూ, భద్రతా అప్‌డేట్లు ఏ ఫోనుకు ఎక్కువ యేండ్లు వచ్చును?” అని అడిగెను.

నేనా సంగతి తలచనే లేదు. అప్‌డేట్లు ఎన్ని యేండ్లు పంపవలెనో నిర్ణయించునది ప్రాసెసరు పేరు కాదు, ఫోను చేసిన సంస్థ. ఆమె ఆ ప్రశ్నను చీటిపై వ్రాసికొని, దాని క్రింద బ్యాటరీ, ర్యామ్ అని మరి రెండు మాటలు చేర్చి, తండ్రితో మరల దుకాణమునకు బయలుదేరెను.