రక్తపోటు అంకెలను ఎట్లు గ్రహించవలెను?



గూళూరు, బాగేపల్లి, చింతామణి ప్రాంతములలో మనవారు ఇంటిలో తెలుగు మాటలాడుదురు, కచేరీలోను బడిలోను కన్నడము వాడుదురు. ఆసుపత్రి బోర్డు మీద "రక్తదొత్తడ" అని కన్నడములో ఉండును. డాక్టరుగారు "బి.పి." అందురు. మనము "రక్తపోటు" అందుము. మూడు మాటలకు అర్థము ఒక్కటే. చీటీ మీద వ్రాసిన అంకెలను ఏ భాషవారైనను చదువగలరు గాని, వాటి భావము తెలిసినవారు కొద్దిమందియే.

ఇది తెలియనందువలన రెండు విధములుగా నష్టపోవుచున్నాము. కొందరు ఒక్కసారి పెద్ద అంకె కనబడగానే భయపడి నిద్ర మానుకొందురు. మరికొందరు మాత్రలు వాడి అంకె తగ్గగానే "నయమైపోయినది" అని మాత్రలు నిలిపివేయుదురు. ఈ రెండవ పొరపాటు ప్రాణము మీదికి తెచ్చును. కావున ఈ పాఠమును కుటుంబముగా కూర్చుండి నిదానముగా చదువుకొందము.

1. రెండు అంకెలు ఎందుకు?

రక్తనాళముల గోడల మీద రక్తము కలిగించు ఒత్తిడియే రక్తపోటు. గుండె ముడుచుకొని రక్తమును నెట్టునప్పుడు ఒత్తిడి పెరుగును. ఇది పై అంకె, సిస్టాలిక్. గుండె సడలి మరల రక్తముతో నిండునప్పుడు ఒత్తిడి తగ్గును. ఇది క్రింది అంకె, డయాస్టాలిక్. బోరింగు కొట్టునప్పుడు పిడి నొక్కగానే నీరు జోరుగా వచ్చును, పిడి ఎత్తగానే జోరు తగ్గును గదా! అటువంటిదే ఇది.

చేతికి పట్టీ కట్టి పాదరసముతో కొలుచు పరికరమును 1896లో ఇటలీ వైద్యుడు రివా-రోచ్చి వెలువరించెను. ఆ పట్టీ క్రింద స్టెతస్కోపుతో వినబడు చప్పుళ్లను బట్టి రెండు అంకెలను గుర్తించు పద్ధతిని 1905లో రష్యా వైద్యుడు కొరోట్కోవ్ తెలియజేసెను. నేడు బ్యాటరీ మిషన్లు వచ్చినను అంకెలు పాదరసపు మిల్లీమీటర్ల లెక్కలోనే ఉన్నవి.

2. ఎంత ఉండవలెను?

120/80 కంటె తక్కువ ఉండుట మంచిది. ఆసుపత్రిలో వేరువేరు దినములలో కొలిచినను 140/90 లేక అంతకు మించి కనబడినయెడల దానిని అధిక రక్తపోటు అందురు. ఇంటిలో కొలిచిన అంకెలు సాధారణముగా కొంచెము తక్కువగా ఉండును గనుక అక్కడ 135/85ను హద్దుగా ఎంచుదురు.

రెండు అంకెలలో ఏ ఒక్కటి హద్దు దాటినను లెక్కలోనికి వచ్చును. పెద్దవారిలో 160/78 వంటి అంకెలు తరచుగా కనబడును. "క్రిందిది బాగానే ఉన్నది గదా" అని ఊరకుండరాదు. "వయస్సునకు నూరు కలుపుము, అంత ఉండవచ్చును" అను పాతమాట కూడ సరికాదు. డెబ్బది ఏండ్లవారికి 170 ఉండుట మామూలు అనుకొనరాదు.

అమెరికాలో ఉన్న పిల్లలు 130/80 దాటినదని విని కంగారుపడి ఫోను చేయుట కలదు. అక్కడి హృద్రోగ వైద్య సంఘములు 2017లో హద్దును 130/80కి తగ్గించినవి. మన దేశములో ప్రభుత్వ వైద్యులు 140/90 హద్దునే అనుసరించుచున్నారు. 130 దాటినవారు ఉప్పు, బరువు, నడక విషయములో జాగ్రత్తపడవలెనని ఇరువురును చెప్పుదురు. చక్కెర వ్యాధి గాని మూత్రపిండముల జబ్బు గాని ఉన్నవారికి అంకె మరింత తక్కువ ఉండవలెనని డాక్టరుగారు చెప్పవచ్చును.

3. సరిగా కొలుచుట

బస్సు దిగి ఎండలో నడిచి వచ్చి, వరుసలో నిలువబడి, వెంటనే చేయి చాపినయెడల వచ్చు అంకె నమ్మదగినది కాదు. ఈ క్రింది విషయములు పాటించవలెను.

(అ) కొలుచుటకు ముందు అరగంట వరకు కాఫీ, టీ, బీడీ, పొగాకు తీసికొనరాదు. మూత్రము ఆపుకొని కూర్చుండరాదు.
(ఆ) ఐదు నిమిషములు నెమ్మదిగా కూర్చుండవలెను. వీపు కుర్చీకి ఆనించి, పాదములు రెండును నేలకు ఆనించవలెను. కాలు మీద కాలు వేసికొనరాదు.
(ఇ) చేతిని బల్ల మీద గుండె ఎత్తున ఉంచవలెను. చేయి క్రిందికి వ్రేలాడినయెడల అంకె ఎక్కువగా చూపును.
(ఈ) పట్టీని చొక్కా లేక రవిక చేతి మీద గాక ఒట్టి చర్మము మీద కట్టవలెను. లావు చేతికి చిన్న పట్టీ కట్టినను అంకె ఎక్కువగా వచ్చును.
(ఉ) కొలుచునప్పుడు మాటలాడరాదు, ఎవరును పలుకరింపరాదు.
(ఊ) ఒక నిమిషము ఆగి రెండవసారి కొలువవలెను.

మొదటిసారి రెండు చేతులకును కొలిచి, ఎక్కువ చూపిన చేతినే తరువాత వాడవలెను. ఇంటికి మిషను కొనువారు మణికట్టుది గాక పైచేతికి కట్టునది కొనుట మేలు.

4. ఒక్క అంకెను చూచి నిర్ణయింపరాదు

రక్తపోటు రోజంతయు మారుచుండును. నిద్రలో తగ్గును, తెల్లవారుజామున పెరుగును. దుఃఖము, కోపము, నొప్పి దానిని పెంచును. కొందరికి డాక్టరును చూడగానే పెరుగును, ఇంటిలో బాగుండును. మరికొందరికి ఆసుపత్రిలో బాగుండి ఇంటిలోను పనిలోను పెరుగును. అందుచేత పుస్తకములో వ్రాసికొనుట అవసరము.

ఏడు దినములు, ఉదయము మాత్రకు ముందు రెండుసార్లు, సాయంకాలము రెండుసార్లు కొలిచి తేదీతో వ్రాయవలెను. మొదటి దినపు అంకెలు విడిచి మిగిలినవాటి సగటు చూడవలెను. సగటు కట్టు విధము ఇది: ఒక దినమున 158/96, 150/92, 144/90, 148/90 వచ్చినవనుకొందము. పై అంకెల మొత్తము 600, నాలుగుతో భాగించిన 150. క్రింది అంకెల మొత్తము 368, భాగించిన 92. సగటు 150/92. 158ని చూచి బెదరనక్కరలేదు, 144ను చూచి ఊరటపడనక్కరలేదు. ఈ పుస్తకమును డాక్టరుగారికి చూపినయెడల ఆయనకు సంగతి స్పష్టముగా తెలియును.

5. అంకె తగ్గినది, మాత్ర మానవచ్చునా?

ఈ పాఠములో ముఖ్యమైన మాట ఇదే. మాత్ర వాడుచుండగా 126/80 వచ్చినదనగా మాత్ర పనిచేయుచున్నదని అర్థము. వానలో గొడుగు పట్టుకొని నడచువాడు "నేను తడియుట లేదు" అని గొడుగు పారవేయునా? మాత్ర మానినయెడల కొన్ని దినములలో గాని వారములలో గాని పోటు మరల పెరుగును. అప్పుడు తలనొప్పి ఉండకపోవచ్చును, కళ్లు తిరగకపోవచ్చును. ఏ బాధయు లేకుండగనే మెదడు, గుండె, మూత్రపిండములు, కన్నులు దెబ్బతినుచుండును. అనేకులకు మొదటి గుర్తు పక్షవాతమే అగుచున్నది.

మాత్ర పడనియెడల చెప్పుటకు సంకోచింపరాదు. ఆమ్లోడిపిన్ వలన కొందరికి చీలమండలు వాయును. పెద్దవారికి లేచి నిలువగానే కళ్లు తిరిగినయెడల, నిలువబడి కూడ పోటు కొలిపించుకొనవలెను. డాక్టరుగారు మాత్రను మార్చగలరు, మోతాదు తగ్గించగలరు. అది మనము ఇంటిలో నిర్ణయించు విషయము కాదు.

6. అంకెను పెంచునవి

పెద్దవారికి దినమునకు 5 గ్రాముల ఉప్పు, అనగా ఒక చిన్న చెంచాకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. రాగిముద్దలో ఉప్పు లేకపోయినను, ప్రక్కన పెట్టుకొను ఊరగాయ, అప్పడము, ఎండుచేప, ఊరిబిండిలో అది చాలినంత ఉండును. రాళ్ల ఉప్పు, సైంధవ లవణము వాడితే భయము లేదను మాట నిజము కాదు, వాటిలోను సోడియమే ఉన్నది.

కూలిపని చేసి ఒళ్లునొప్పులకు దుకాణములో కొని మ్రింగు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి మాత్రలు కూడ పోటును పెంచును, మూత్రపిండములకు హాని చేయును. పొగాకు, సారాయి సంగతి చెప్పనక్కరలేదు.

7. ఎప్పుడు ఆలస్యము చేయరాదు?

180/120 లేక అంతకు మించి కనబడిన ఐదు నిమిషములు ఆగి మరల కొలువవలెను. అట్లే ఉండి బాధ ఏమియు లేకున్నను ఆ దినమే డాక్టరును చూడవలెను. సొంతముగా రెండేసి మాత్రలు మ్రింగరాదు. ఛాతీనొప్పి, ఆయాసము, మూతి వంకరపోవుట, ఒక ప్రక్క చేయి కాలు పడిపోవుట, మాట తడబడుట, హఠాత్తుగా చూపు తగ్గుట కనబడినయెడల అంకె ఎంతైనను సరే, వెంటనే 108కి ఫోను చేయవలెను. గర్భిణీ స్త్రీలకు 140/90 వచ్చినను ఆ దినమే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

8. ఊరు విడిచి వెళ్లువారికి

2017లో ఆరంభమైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమము మొదట చేపట్టిన ఐదు రాష్ట్రములలో తెలంగాణ ఒకటి. అందులో ప్రతి రోగి అంకెలను, మాత్రలను వరుసగా నమోదు చేసి, రానివారిని గుర్తించి పిలిపించిరి. కర్ణాటకలో ఇంటింటికి వచ్చి పోటు కొలుచు గృహ ఆరోగ్య పథకము 2024లో కోలారు జిల్లాలో మొదలైనది. 30 ఏండ్లు దాటినవారు దగ్గరలోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములో ఉచితముగా కొలిపించుకొనవచ్చును.

అయితే పనికొరకు బెంగుళూరు వెళ్లినవారి మాత్రలు ఊరిలోనే ఆగిపోవుట తరచుగా జరుగుచున్నది. చీటీని, అంకెల పుస్తకమును సంచిలో పెట్టుకొనుడి. ఒక నెల మాత్రలు ముందుగా తీసికొనుడి. క్రొత్త చోట డాక్టరునకు ఆ పుస్తకమే మొదట చూపుడి. ఇంటిలో చదువువచ్చిన పిల్లలు అవ్వకు, తాతకు వారమునకొకసారి అంకెలు వ్రాసిపెట్టినయెడల అది గొప్ప ఉపకారము.

చర్చించుటకు ప్రశ్నలు

1. 160/78లో ఏ అంకె హద్దు దాటినది?
2. గత నెలలో మన పోటు కొలిచినప్పుడు పైన చెప్పిన ఆరు విషయములలో ఎన్ని పాటించబడినవి?
3. మన ఇంటిలో పోటు మాత్రలు మానివేసినవారు ఉన్నారా? ఎందుచేత మానిరి?
4. మన వంటలో ఉప్పు ఎక్కడెక్కడ దాగియున్నది?
5. మన సంఘములో ఒంటరిగా ఉన్న పెద్దలకు అంకెలు వ్రాసిపెట్టు పని ఎవరు తీసికొందురు?