కందిరీగ కుట్టి ఒళ్లంతా దద్దుర్లు వస్తే?

ప్రశ్న: మామిడితోటలో కందిరీగ కుట్టి మా నాన్నగారికి ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. మళ్లీ కుడితే ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు, ఊత్తుకోట

జవాబు: పురుగు కుట్టినచోట నొప్పి, ఎరుపు, వాపు రావడం సహజం. సబ్బునీళ్లతో కడిగి, గుడ్డలో చుట్టిన ఐసు పది నిమిషాలు పెడితే చాలు. దురదకు సెట్రిజిన్ మాత్ర పనిచేస్తుంది. వాపు ఒకటి రెండు రోజులు పెరిగి తగ్గుతుంది. తేనెటీగ ముల్లు చర్మంలోనే ఉండిపోతుంది. దాని చివరి విషపుతిత్తి ఇంకా విషం దింపుతూనే ఉంటుంది కనుక గోటితో వెంటనే గీకి తీసేయాలి. కందిరీగ ముల్లు వదలదు, మళ్లీ మళ్లీ కుట్టగలదు. సున్నం రాస్తే చర్మం కాలుతుంది.

దద్దుర్లు కుట్టినచోటు దాటి ఒళ్లంతా పాకితే అది అలర్జీ. దానికి తోడు పెదవులు, నాలుక వాచడం, గొంతు బొంగురుపోవడం, ఆయాసం, వాంతులు, కళ్లు తిరగడం కనిపిస్తే అది అనాఫిలాక్సిస్, ప్రాణాపాయం. దానికి మొదటి మందు అడ్రినలిన్. పెద్దలకు 0.5 మిల్లీగ్రాములు తొడ బయటివైపు కండలోకి ఇస్తారు. తగ్గకపోతే 5 నిమిషాలకు మరో మోతాదు. అలర్జీ మాత్రలు దీనికి బదులు కావు. రోగిని పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపెట్టాలి, నడిపించకూడదు. ఆయాసముంటే కూర్చోబెట్టాలి. ఊత్తుకోట సరిహద్దు ఊరైనా ఇటు తమిళనాడులోనూ అటు ఆంధ్రలోనూ అంబులెన్సు నంబరు 108 ఒక్కటే. తగ్గిన లక్షణాలు కొన్ని గంటల్లో తిరగబెట్టవచ్చు కనుక ఆసుపత్రిలోనే ఉండాలి.

ఒకసారి ఒళ్లంతా దద్దుర్లు వచ్చినవారు అలర్జీ నిపుణుణ్ణి తప్పక కలవాలి.