పేరుతో అన్వేషణ, సంఖ్యతో అన్వేషణ

ఖాతాదారుల వివరాలను భద్రపరచే కంప్యూటరులో ఒక వ్యక్తిని వెదకడానికి ప్రధాన మార్గాలు రెండు: సంఖ్య, పేరు. మన రాష్ట్రంలో 2015లో వెలసిన 'మీభూమి' సర్వే నంబరుతోను, ఖాతా నంబరుతోను, పట్టాదారు పేరుతోను వెదికే వీలు కల్పించింది. సంఖ్య నిశ్చితమైనది, కాని అది చేతిలో ఉండాలి. పేరు అందరికీ తెలిసినదే. కాని మహమ్మద్, మొహమ్మద్, మహ్మద్ మనకు ఒక్కటే అయినా, అక్షరాలను మాత్రమే పోల్చే యంత్రానికి మూడు.

ఈ చిక్కును గుర్తించే అమెరికాలో రాబర్ట్ రస్సెల్ ఒకే విధంగా ధ్వనించే పేర్లను ఒకచోట చేర్చే సూచికకు 1918లో పేటెంటు పొందాడు. అట్టి సౌకర్యం లేనిచోట పేరులోని కొంత భాగంతో వెదకి, సంఖ్యతో నిర్ధారించుకోవడం ఉత్తమమని మా అభిప్రాయం.

విద్యార్థులారా! అనంతపురం వంటి కరువు సీమలో పంట నష్టపోయిన రైతుకు "మీ పేరు లేదు" అని చెప్పే ముందు, మరొక వర్ణక్రమంతో వెదకడం మన ధర్మం.